పొట్టిపేర్ల కమిటీ

ప్రభుత్వ కార్యాలయంలో ఏదైనా పని సులువుగా జరిగిపోతోందంటే, అందులో ఇంకా బయటపడని తప్పేదో ఉండి తీరుతుందని ప్రాంతీయ సంచాలకులు శేషావతారం గారి నమ్మకం. ఆ తప్పు హైమవతి చేసింది. అదీ వరసగా మూడు రోజులు, పట్టపగలు, అందరూ చూస్తుండగా చేసింది.

బాలికల వసతి గృహాల ప్రాంతీయ కార్యాలయంలో హైమవతిది ఇన్‌వర్డు సీటు. వచ్చిన ఉత్తరం విప్పి, చదివి, నంబరు వేసి, ఎవరికి చెందుతుందో వాళ్ళకి చేర్చడం ఆమె పని. ఇరవై రెండేళ్ళుగా అదే కుర్చీ. ఉత్తరాలు ఈమెయిళ్ళయ్యాక కూడా వాటిని ప్రింటు తీసి, ట్యాగు కట్టి, తనే నడిచి వెళ్ళి ఇచ్చి వచ్చేది. ఆ మధ్య కార్యాలయాన్ని కాగిత రహితంగా ప్రకటించారు. ప్రింటరు సూపరింటెండెంటు గవర్రాజు గారి బీరువాలోకి వెళ్ళింది. బీరువా తాళం ఆయన బెల్టుకు వేళ్ళాడింది. ఈమెయిళ్ళను వాటంతట అవే సర్దుకునేలా చేసే సాఫ్ట్‌వేరు ఒకటి కొన్నారు.

అది నేర్పడానికి హైదరాబాదు నుంచి ఒకావిడ వచ్చింది. తెర మీద ఒక ఫోల్డరు చిరునామా చూపించింది. ప్రాంతీయ కార్యాలయం, సాంకేతిక విభాగం, భవనములు, నిర్వహణ, మరమ్మతులు అంటూ గీతల మీద గీతలు గీసుకుంటూ తెర ఈ చివర నుంచి ఆ చివరకి పోయింది.

"ఇంత పొడుగు ప్రతిసారీ రాయక్కర్లేదు మేడమ్. ఫోల్డరుకి షార్ట్‌కట్ పేరొకటి ఇవ్వండి చాలు. ఉత్తరంలో కుళాయి అనో గోడ అనో కనిపిస్తే సాఫ్ట్‌వేరే ఆ ఫోల్డర్లో వేసేస్తుంది. అవతలి వాళ్ళ కంప్యూటరు గంట కొడుతుంది."

"పొట్టిపేరన్న మాట," అంది హైమవతి. "మా అత్తగారి పేరు వేంకట సూర్య లక్ష్మీ నరసమాంబ. బొడ్డమ్మా అంటే పలికేవారు."

"అంతే మేడమ్! మీకు భలే తొందరగా అర్థమైపోయింది. పోయిన ఊళ్ళో రెండు రోజులు పట్టింది."

హైమవతికి అర్థం కాకపోవడానికి అందులో ఏముంది? ఆమె వంటింట్లో ఏ డబ్బా మీద ఏ పేరు అచ్చయి ఉంటుందో అది ఆ డబ్బాలో ఉండదు. బిస్కెట్ల డబ్బాలో మినప్పప్పు, కాఫీపొడి సీసాలో మెంతులు. అయినా కళ్ళు మూసుకుని చెయ్యి చాపితే కావలసింది చేతికొస్తుంది. ఆ మధ్యాహ్నం భోజనానికి లేచేలోగా ఆమె పదకొండు ఫోల్డర్లకు పేర్లు పెట్టింది. రిపేర్లు, బియ్యం, డాక్టరు, సెలవులు, కోర్టు, ఇలా. ప్రాంతీయ సంచాలకుల వారు చూడవలసిన వాటికి డైరెక్టరు అని పెట్టింది. పన్నెండోది సాఫ్ట్‌వేరుతో పాటే వచ్చింది. దాని పేరు చెత్త.

మూడు రోజులు ఉత్తరాలు నీళ్ళలా పారాయి. ఒక హాస్టల్లో పొద్దున్న ఊడిన కుళాయికి సాయంత్రం కొత్త కుళాయి పడింది. ఆ వార్డెను నమ్మలేక, "నిజంగా మన ఆఫీసేనా మేడమ్?" అని ఫోన్ చేసి అడిగింది.

నాలుగో రోజు శేషావతారం గారు అటుగా వెళుతూ హైమవతి తెర ముందు ఆగారు.

"ఇదేమిటమ్మా? డైరెక్టరు?"

"మీ ఫోల్డరండి. పొట్టిపేరు."

ఆయన తెర మీదకి వంగి ఆ పేరు మళ్ళీ చదివారు. "మా నాన్నగారు కూడా నన్నెప్పుడూ ఏకవచనంలో పిలిచి ఎరగరు," అన్నారు చివరికి. ఆ గొంతులో కోపం కంటే దుఃఖమే ఎక్కువుంది.

మధ్యాహ్నానికల్లా ఉత్తర్వు వచ్చింది. "సదరు కార్యాలయమందు ఉన్నతాధికారుల హోదాకు భంగము వాటిల్లు రీతిలో ఫోల్డర్లకు నామములు ఒసగబడినట్లు దృష్టికి వచ్చినందున, తదుపరి ఉత్తర్వులు వెలువడు వరకు అట్టి నామములన్నియు నిలుపుదల చేయడమైనది." దాని కిందే షార్ట్‌కట్ నామ నిర్ధారణ కమిటీ ఏర్పాటయింది. అందరూ దాన్ని పొట్టిపేర్ల కమిటీ అన్నారు. అధ్యక్షులు శేషావతారం గారే. చర్చలు రాసే పని హైమవతిది.

ఆ సాయంత్రమే గుండ్రాజుపాలెం హాస్టలు నుంచి ఉత్తరం వచ్చింది. వార్డెను ఎస్తేరురాణి రాసింది. స్నానాల గదుల కప్పు మీదున్న సిమెంటు ట్యాంకుకు అడుగున చెయ్యి పట్టేంత పగులొచ్చింది. ట్యాంకు ఒక పక్కకు ఒరిగింది. డెబ్భై ఇద్దరు పిల్లలు రోజూ దాని కిందే స్నానాలు చేస్తున్నారు. దయచేసి వెంటనే ఎవరినైనా పంపండి.

నిన్నటిదాకా అయితే అది రిపేర్లలో పడి, ఇంజనీరు గారి గంట మోగేది. ఇప్పుడు రిపేర్లు అనే పేరు నిలుపుదలలో ఉంది. సాఫ్ట్‌వేరు ఉత్తరాన్ని అటూ ఇటూ తిప్పి, వెళ్ళడానికి చోటు లేక, తెచ్చి హైమవతి ముందే పడేసింది. ఆమె లేచి డిప్యూటీ ఇంజనీరు కొండలరావు గదిలోకి నడిచింది. ఎంతో దూరం లేదు. వరండా దాటితే ఆయన గదే.

"కొండలరావు గారూ, గుండ్రాజుపాలెం ట్యాంకు పడిపోయేలా ఉందటండీ."

"ఎవరన్నారు?"

"వార్డెను రాసింది. నా కంప్యూటర్లో ఉంది."

"నా ఫోల్డర్లో ఉందా?"

"మీ ఫోల్డరుకి ఇంకా పేరు పెట్టలేదు కదండీ."

"మరి!" అన్నాడు కొండలరావు, ఆమే తప్పు ఒప్పుకున్నట్టు. "మీరు నోటితో చెప్పారు, నేను చెవితో విన్నాను. రేపు ఎవరైనా అడిగితే నా చెవి చూపించమంటారా? ఫోల్డర్లో పడని ఉత్తరానికి నంబరుండదు. నంబరు లేకుండా జీపెక్కితే అది నా సొంత షికారవుతుంది."

కొండలరావు చెడ్డవాడేం కాదు. ఎండనపడి వచ్చిన వార్డెన్లకి మజ్జిగ తెప్పించి ఇచ్చే మనిషి. కాని ఆయన మంచితనమంతా మజ్జిగతోనే అయిపోతుంది.

హైమవతి శేషావతారం గారి దగ్గరికీ వెళ్ళింది. ఆయన శ్రద్ధగా విన్నారు. "ట్యాంకు విషయం మిక్కిలి బాధాకరం. కాని ముందు విధానం, తరవాతే ట్యాంకు. ట్యాంకు పగిలితే మేస్త్రీ ఉన్నాడు. విధానం పగిలితే ఎవరున్నారమ్మా?"

కమిటీ మొదటి సమావేశంలో మూడు సూత్రాలు ఖాయం చేశారు. షార్ట్‌కట్ పేరులో అధికారి హోదా ఉండాలి. గౌరవ వాచకం ఉండాలి. ఏ అధికారి ఫోల్డరు పేరూ తన పై అధికారి ఫోల్డరు పేరు కన్నా పొడుగ్గా ఉండకూడదు.

మూడో సూత్రమే కొంప ముంచింది. కొండలరావు తన డిగ్రీలు చేర్చమన్నాడు. దాంతో ఆయన పేరు డిప్యూటీ డైరెక్టరు గారి పేరుని దాటిపోయింది. డిప్యూటీ గారు తనకొచ్చిన ఉత్తమ సేవా పతకం చేర్చారు. డిప్యూటీ పొడుగైతే డైరెక్టరు ఇంకా పొడుగవ్వాలి కదా. మూడో సమావేశానికి శేషావతారం గారి షార్ట్‌కట్ పేరు "గౌరవనీయులైన ప్రాంతీయ సంచాలకుల వారి అమూల్య పరిశీలనార్థము, తగు ఆదేశముల నిమిత్తము, సవినయముగా సమర్పించబడు సమస్త ఉత్తర ప్రత్యుత్తరముల సంపుటి" దాకా వచ్చింది. హైమవతి రెండూ పక్కపక్కన పెట్టి కొలిచింది. షార్ట్‌కట్టు అసలు చిరునామా కంటే రెండింతలుంది.

సాఫ్ట్‌వేరు దాన్ని పుచ్చుకోలేదు. ముప్ఫై అక్షరాలు దాటితే ఎర్రగీత చూపించింది. హైదరాబాదు ఆవిడకి ఫోన్ చేసి స్పీకరు పెట్టారు.

"సర్, షార్ట్‌కట్ అంటేనే చిన్నగా ఉండాలి సర్. లేకపోతే దాంతో ఉపయోగమేముంది?"

"ఉపయోగం గురించి కాదమ్మా మేం చర్చిస్తున్నది," అన్నారు శేషావతారం గారు శాంతంగా. "మీ సాఫ్ట్‌వేరుకి ప్రోటోకాల్ తెలియదు. నేర్పండి."

నేర్పడానికి నెల పడుతుందని ఆవిడంది. నెల అనేసరికి కమిటీలో అందరి మొహాలూ తేటపడ్డాయి. ఎలాగూ మూఢమొచ్చిందనీ, మూఢంలో నామకరణాలు పనికిరావనీ డిప్యూటీ గారు గుర్తు చేశారు. మూఢమని రికార్డులో రాయకూడదు కనుక "పరిపాలనా కారణముల వలన" అని రాయమన్నారు. హైమవతి అలాగే రాసింది.

రెండో వారంలో ఎస్తేరురాణి మళ్ళీ రాసింది. ఈసారి మాటలు తక్కువ. ఒక ఫొటో జత చేసింది. స్నానాల గది గచ్చు మీద నీలం ప్లాస్టిక్ బకెట్టు. పైనుంచి సిమెంటు పెచ్చు పడి అప్పడంలా అణిగిపోయింది. హాస్టలు పిల్లలు బకెట్లు మారిపోకుండా తెల్లరంగుతో పేర్లు రాసుకుంటారు. అణిగిన బకెట్టు మీద ఆ పేరు ఇంకా కనబడుతోంది. పి. భ్రమరాంబ, ఎనిమిదో తరగతి.

హైమవతి వెంటనే ఫోన్ చేసింది. "పిల్ల ఏదీ?"

"సబ్బు మర్చిపోయి గదిలోకి వెళ్ళిందండీ మేడమ్. సబ్బు మర్చిపోబట్టి ఉంది," అంది ఎస్తేరురాణి. "ఆ గదులకి తాళం వేశాను. డెబ్భై ఇద్దరూ రోడ్డవతల బోరింగు దగ్గర చీకటితో లేచి, చీరలు అడ్డం కట్టుకుని పోసుకుంటున్నారు. లారీలు తిరిగే రోడ్డు. పెద్దపిల్లలు సిగ్గుపడి పోసుకోవడమే మానేశారు. మీరు చదివారా, ఇంకెవరైనా చదివారా, అది చెప్పండి."

"నేను చదివానమ్మా."

"మీరొక్కరేనా," అంది ఎస్తేరురాణి. ఆ మాటలో నిష్ఠూరం లేదు. అందుకే హైమవతికి అది రోజంతా గుచ్చుకుంది.

మర్నాడు పొద్దున్న అన్నం గిన్నె దించబోయి మామూలుగా చెయ్యి చాపింది. పొయ్యి పక్కన మసిగుడ్డ లేదు. తన కొంగుతో పట్టుకోబోయి వేలు కాల్చుకుంది. "ఇంట్లో ఇన్ని తువ్వాళ్ళున్నాయి, ఆ నల్లగుడ్డ కోసం వెతుకుతావేమిటి?" అన్నాడు భర్త పేపర్లోంచి. తువ్వాళ్ళన్నీ ఎవరో ఒకరివి. మాసిపోతాయని గోల. పొయ్యి మీంచి గిన్నె దించడానికి పనికొచ్చేది ఎవరూ నాదనని ఆ ఒక్క గుడ్డే.

ఆ రోజు కమిటీ పన్నెండో అంశం దగ్గరికి వచ్చింది. చెత్త ఫోల్డరు. దీనికి ఎవరి హోదా చేర్చాలి? కొండలరావు ఫ్యాను వైపు చూశాడు. డిప్యూటీ గారు వాచీ చూసుకున్నారు.

"అది మీరే ఉంచుకోండమ్మా హైమవతీ," అన్నారు శేషావతారం గారు ఉదారంగా. "ఆడవాళ్ళ చేతిలో ఉంటే శుభ్రంగా ఉంటుంది."

అలా కార్యాలయం మొత్తంలో నిలుపుదల లేని పేరు, ఎర్రగీత పడని పేరు, ఒక్క చెత్తే మిగిలింది.

నాలుగు గంటలకి గవర్రాజు గారు బీరువా తాళం తీశారు. రోజూ ఈ ఒక్క వేళకే ప్రింటరు పలుకుతుంది. దానికో కథ ఉంది. పదేళ్ళ కిందట ఈ ఆఫీసు పాతకాగితాలు అమ్మేస్తే, సంతకం పెట్టిన ఉత్తర్వొకటి మిరపకాయ బజ్జీలు చుట్టుకుని తిరిగి ఆఫీసుకే వచ్చింది. అప్పుడు మెమో తిన్నది గవర్రాజు గారు. ఆనాటి నుంచి సంబంధిత అధికారి చదివి సంతకం చెయ్యనిదే ఆయన చీటీ ముక్కైనా చింపనివ్వరు. కంప్యూటరు చెత్త కూడా చెత్తేనని, రోజూ దాన్ని ప్రింటు తీసి గదిగదికీ తిరుగుతారు. జుట్టు రాలకుండా ఉండే తైలం ప్రకటన మీద శేషావతారం గారు కూడా సంతకం పెట్టవలసిందే. ప్రతి కాగితం అడుగునా ఒకే వాక్యం ఉంటుంది. "ఈ ఉత్తరమును నేను చదివితిని. దీనిపై ఎట్టి చర్యయు అవసరము లేదని నా పూర్తి బాధ్యతపై ధ్రువీకరించుచున్నాను." సంతకం చెయ్యనంటే కారణం రాసి, రెండు రోజుల్లో చర్య తీసుకోవాలి.

ఆ వాక్యం హైమవతి వందసార్లు చూసింది. ఆ సాయంత్రమే మొదటిసారి చదివింది. ప్రింట్లు పట్టుకుని పోతున్న గవర్రాజు గారి వెనకాల కాసేపు చూసి, కుర్చీ దగ్గరికి లాక్కుంది. గుండ్రాజుపాలెం అని ఉన్న ఉత్తరం, వచ్చిందైనా రాబోయేదైనా, చెత్తలో వెయ్యమని సాఫ్ట్‌వేరుకి చెప్పింది. అది మారు మాట్లాడకుండా వేసింది.

మర్నాడు నాలుగింటికి గవర్రాజు గారు బకెట్టు ఫొటో పట్టుకుని ఆమె బల్ల దగ్గర ఆగారు.

"ఇది చెత్తలా లేదే హైమవతి గారూ?"

"సాఫ్ట్‌వేరు వేసిందండీ. దాన్ని కాదనడానికి మనమెవరం?"

ఆయన కళ్ళజోడు పైనుంచి ఆమెను ఒక్కసారి చూసి, కొండలరావు గదిలోకి వెళ్ళారు. హైమవతి ఏదో పనున్నట్టు వరండాలో నిలబడింది.

"ఎక్కడండీ సంతకం?" అంటూ కొండలరావు కలం తీశాడు. కలం కాగితం మీద ఆనబోయి ఆగింది. ఆయన బకెట్టు చూశాడు. అడుగునున్న వాక్యం చదివాడు. మళ్ళీ బకెట్టు చూశాడు.

"ఇది నేను పెట్టను."

"పెట్టకపోతే కారణం రాయండి."

"ట్యాంకు పడిపోయేలా ఉంటే చర్య అక్కర్లేదని పూర్తి బాధ్యత నన్ను తీసుకోమంటారేమిటండీ? రేపు అది ఏ పిల్ల నెత్తిన పడ్డా నా సంతకం చూపిస్తారు!"

"చూపిస్తారు," అన్నారు గవర్రాజు గారు.

"దీనికి నంబరుందా?"

"చెత్త, నూట పదిహేడు."

పది నిమిషాల్లో జీపు కదిలింది. పిల్లలు చస్తారని చెబితే కదలని మనిషి, చచ్చినా ఫరవాలేదని సంతకం పెట్టమనేసరికి పరుగెత్తాడు. మర్నాడు మేస్త్రీ నిచ్చెనేసుకుని కప్పెక్కి గునపంతో రెండు పోట్లు పొడిచాడు. మూడో పోటు అక్కర్లేకపోయింది. ట్యాంకు అడుగు పలక మొత్తం ఊడి కింది గచ్చును చీల్చుకుంటూ పోయింది. ఆ చప్పుడు ఫోన్లో హైమవతికి వినబడింది. తరవాత ఎస్తేరురాణి ఏడుపు వినబడింది.

ఆనాటి నుంచి హైమవతి వెనకాడలేదు. పురుగుల బియ్యం చెత్తలో వేసింది. డాక్టరు రాని హాస్టలు ఉత్తరం చెత్తలో వేసింది. చర్య అవసరం లేదని సంతకం పెట్టే ధైర్యం కార్యాలయంలో ఒక్కరికీ లేకపోయింది. రోజూ నాలుగు దాటాక అధికారులు ఒకరి వెనక ఒకరు జీపులెక్కుతుంటే ఎదురుగా టీకొట్టు వాడు ఎవరైనా మంత్రి పోయారేమోనని కంగారు పడ్డాడు.

నెల తిరిగింది. మూఢం వెళ్ళింది గాని పేర్లు తేలలేదు. సాఫ్ట్‌వేరు తనంతట తానే నెలవారీ నివేదిక తయారుచేసి ప్రధాన కార్యాలయానికి పంపింది. పదకొండు ఫోల్డర్ల ఎదురుగా పరిష్కరించినవి సున్న. చెత్త ఎదురుగా నలభై మూడు. ప్రధాన కార్యాలయం నుంచి అభినందన వచ్చింది. "మీ చెత్త పనితీరు రాష్ట్రమునకే ఆదర్శప్రాయము" అని అందులో ఉంది.

శేషావతారం గారు దాన్ని రెండుసార్లు చదివించుకున్నారు.

"ఈ ఫోల్డరు ఎవరి అధీనంలో ఉంది?"

"నా దగ్గరేనండి. మీరే ఉంచుకోమన్నారు," అంది హైమవతి.

"తాత్కాలికంగా అన్నాను. ఇంతటి ప్రతిష్ఠాత్మక విభాగం ఇన్‌వర్డు సీటులో ఉండటం పద్ధతి కాదమ్మా."

పొట్టిపేర్ల కమిటీ ఆ గంటలోనే సమావేశమై, చరిత్రలో మొదటిసారి ఏకగ్రీవంగా ఒక పేరు నిర్ధారించింది. "గౌరవనీయులైన ప్రాంతీయ సంచాలకుల వారి ప్రత్యేక పర్యవేక్షణలోని చెత్త." అంతటి పేరున్న ఫోల్డరు మీద కింది ఉద్యోగి సంతకాలు అడుగుతూ తిరగడం బాగుండదు కనుక గవర్రాజు గారి నాలుగు గంటల తిరుగుడు కూడా దానికి వర్తించదన్నారు. శుక్రవారం సన్మాన సభ జరిగింది. డిప్యూటీ గారు డైరెక్టరు గారికి శాలువా కప్పారు. కొండలరావు దండ వేశాడు. శాలువా పళ్ళెం పట్టుకుని నిలబడే బాధ్యత హైమవతికి ఇచ్చారు. బయట కొత్త బోర్డులో పేరంతా పట్టక మధ్యలో కొన్ని మాటలు వదిలేస్తే, "వారి చెత్త" అన్న రెండు మాటలు రెండో వరసలోకి వచ్చాయి.

కొత్త పేరుకి సాఫ్ట్‌వేరు ఎర్రగీత చూపించింది. చెత్త కూడా ఆగిపోయింది.

హైమవతి పళ్ళెం కడిగి పెట్టి వచ్చి కూర్చునేసరికి తెర మీద కొత్త ఉత్తరం ఉంది. మెట్టపల్లెరు హాస్టలు వంటగదిలో స్విచ్చి ముట్టుకుంటే షాకు కొడుతోంది. వంటమనిషి అప్పడాల కర్రతో దీపం వేస్తోంది. పిల్లలు చూసి వాళ్ళూ అలాగే వేస్తున్నారు.

హాల్లో ఇంకా చప్పట్లు వినబడుతున్నాయి. హైమవతి కొత్త ఫోల్డరొకటి తెరిచింది. పేరు అడిగే గడిలో మసిగుడ్డ అని కొట్టింది. ఎర్రగీత రాలేదు. ఉత్తరం వెళ్ళి అందులో పడింది.

నాలుగైంది. సభలోంచి లడ్డూ తింటూ వచ్చిన గవర్రాజు గారు ఆమె భుజం మీదుగా తెర చూశారు.

"ఇదేమిటండీ హైమవతి గారూ? మసిగుడ్డ?"

"ఇది కూడా పారేసేదేనండీ. మీ నియమం దీనికీ వర్తించాలా వద్దా?"

"పారేసేదైతే వర్తించాల్సిందే."

"దీనికి ఎవరైనా తమ పేరు పెట్టుకుంటామంటారంటారా?"

గవర్రాజు గారు లడ్డూ నమలడం ఆపి నిజంగానే ఆలోచించారు. డైరెక్టరు గారి దగ్గర్నుంచి వరసగా ఒక్కొక్కరినీ మనసులో ఆ పేరు పక్కన నిలబెట్టి చూసినట్టున్నారు.

"అనరు," అన్నారు. బెల్టు నుంచి తాళం తీశారు.

"నెల నివేదిక సంగతో?" అని మళ్ళీ ఆయనే అడిగారు. "మళ్ళీ అంకె చూశారంటే దీనికీ శాలువా కప్పుతారు."

"నివేదికలో దీన్ని లెక్కపెట్టొద్దని సాఫ్ట్‌వేరుకి ఇందాకే చెప్పానండీ," అంది హైమవతి. "దీని ఎదురుగా ఎప్పుడూ సున్నే పడుతుంది."

ప్రింటరు పలికింది. గవర్రాజు గారు కాగితం తీసుకుని కొండలరావు గదిలోకి వెళ్ళారు. కాసేపటికి, తను వేసిన దండలోంచి రాలిన బంతిరేకు ఒకటి చొక్కాకి అంటుకునే ఉండగా, కొండలరావు జీపు తాళాల కోసం జేబులు తడుముకుంటూ వరండాలోకి వచ్చాడు.